ఇంట తెలుగు, రచ్చ తమిళం: నటుడు ఎం.ఆర్. రాధా



ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొక భాష ఉన్నవాళ్లకు ఈ సామెత మరి కాస్త బరువుగా వినిపిస్తుంది. మంసాపురం, రాజపాళయం మొదలుకొని హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి వరకు ఎన్నో తెలుగు కుటుంబాల పరిస్థితి ఇదే. అమ్మతో తెలుగు, అంగట్లో తమిళం, బడిలో తమిళం. అటువైపు చిత్తూరు జిల్లాలో తమిళం మాట్లాడే ఇళ్లవారికి ఇదే సంగతి తిరగబడి ఉంటుంది.

ఇలాంటి ఇళ్లనుంచి వచ్చి రచ్చ గెలిచినవాళ్లు లేకపోలేదు. మా రాజపాళయం తెలుగువారైన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నారు. అయితే రాజకీయంలో గెలవడం వేరు, రంగస్థలం మీద నవ్వించి గెలవడం వేరు. ఏడిపించడానికి భాష అంతగా అక్కరలేదు. తల్లి బిడ్డను పోగొట్టుకున్న దృశ్యం చూస్తే ఏ భాషవాడికైనా కళ్లు చెమ్మగిల్లుతాయి. నవ్వించాలంటే మాత్రం ఆ భాషలో ఏ మాట ఎక్కడ విరుగుతుందో, ఏ మాటకు వెనుక ఇంకొక అర్థం దాగి ఉందో తెలియాలి. అది పుట్టుకతో రావాలంటారు చాలామంది. ఆ మాటను అబద్ధం చేసిన మనిషి గురించి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఆయన పేరు ఎం.ఆర్. రాధా. తమిళులు ఆయనను 'నడిగవేళ్' అని పిలుచుకున్నారు. నటులలో మేటి అని దాని భావం. హాస్యం, క్రౌర్యం, కరుణ మూడింటినీ ఒకే వేషంలో కలిపి చూపిన నటుడు ఆయన.

ముందుగా ఒక్క నిమిషం మెక్సికో దాకా వెళ్లి వద్దాం. రాధా తరంలోనే, 1911లో, మెక్సికో నగరంలో మరియో మొరేనో అనే ఒక పేదింటి పిల్లవాడు పుట్టాడు. డేరా ప్రదర్శనలలో కోణంగి వేషాలు వేస్తూ 'కాంటిన్‌ఫ్లాస్' అన్న పేరుతో స్పానిషు మాట్లాడే ప్రపంచమంతటికీ అభిమాన హాస్యనటుడయ్యాడు. ఆయన విద్య ఏమిటంటే, గడగడా మాట్లాడుతూ ఏమీ చెప్పకపోవడం. పెద్దమనుషుల, అధికారుల మాటలలోని డొల్లతనాన్ని ఆ వాగుడుతోనే బయటపెట్టేవాడు. ఆయన పేరుమీద పుట్టిన క్రియాపదాన్ని స్పానిషు అకాడమీ 1992లో తన నిఘంటువులో చేర్చింది. 1956లో వచ్చిన 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం' ఇంగ్లీషు చిత్రంలో సేవకుడి వేషం వేసి అమెరికావారిని మెప్పించాడు. కాని 1960లో హాలీవుడ్డు ఆయననే నాయకుడిగా పెట్టి తీసిన 'పెపె' చిత్రం నిలబడలేదు. కారణం తెలిసిందే. ఆయన హాస్యం స్పానిషు మాటల్లో ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మనిషి మిగిలాడు, మాట జారిపోయింది.

ఈ సంగతి గుర్తుంచుకుని రాధా దగ్గరికి వద్దాం.

మద్రాసు రాజగోపాల రాధాకృష్ణన్ నాయుడు 1907 ఏప్రిల్ 14న మద్రాసు చింతాద్రిపేటలో, తెలుగు మాట్లాడే నాయుళ్ల ఇంట పుట్టారు. తండ్రి రాజగోపాల నాయుడు సైన్యంలో పనిచేస్తూ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చనిపోయారు. చదువు సాగలేదు. భోజనం దగ్గర ఇంకో చేపముక్క అడిగితే తల్లి పెట్టలేదని అలిగి ఇల్లు విడిచి పోయిన కుర్రవాడు నాటక కంపెనీలో తేలాడని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. అలక చిన్నదే గాని, దాంతో ఆయన దారే మారిపోయింది.

ఆ రోజుల్లో తమిళనాట బాలుర నాటక కంపెనీలు ఉండేవి. బాయ్స్ కంపెనీలు అనేవారు. శంకరదాస్ స్వాములు 1918లో మదురైలో నెలకొల్పిన బాలసభ వీటికి పెద్ద దిక్కు. మన తెలుగువైపు కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఒక కుటుంబం. అక్కడ తల్లి, తండ్రి, కోడలు, మనవడు అందరూ వేషం కట్టేవారు. బాయ్స్ కంపెనీ అలా కాదు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన పిల్లలను చేర్చుకుని, కూడు పెట్టి, పాట, పద్యం, అభినయం నేర్పి, ఆడవేషాలు కూడా వాళ్లచేతనే వేయించేవారు. క్రమశిక్షణ కఠినం. తప్పు చేస్తే దెబ్బలు. కాని అదే బడి, అదే ఇల్లు. జగన్నాథయ్యర్ కంపెనీ వంటి సమాజాలలో రాధా పెరిగారు. తెలుగింటి పిల్లవాడు తమిళాన్ని నేర్చుకున్నది ఈ బడిలోనే. పుస్తకం చూసి నేర్చుకున్న తమిళం కాదది. ఊరూరా డేరా వేసి, ఒక్కో ఊరి యాస విని, ఏ మాటకు ఏ ఊరు నవ్విందో లెక్కపెట్టుకుని నేర్చుకున్న తమిళం.

రెండు భాషల పిల్లవాడికి ఒక అలవాటు ఉంటుంది. బడిపంతులుగా నేను రోజూ చూసే అలవాటే ఇది. ఇంటిభాష ఒకటే ఉన్న పిల్లవాడు మాటను గాలిలాగా పీల్చుకుంటాడు, దానివైపు చూడడు. రెండో భాషలోకి అడుగుపెట్టిన పిల్లవాడు ప్రతి మాటనూ చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాడు. ఇది ఎందుకిలా ఉంది అని అడుగుతాడు. హాస్యనటుడికి కావలసిన మొదటి గుణం ఇదే. రాధా గొప్పతనమంతా ఇందులోనే ఉందని నేను అనడం లేదు. దీనికి ఆయనలో పాలు ఉందని మాత్రం అనుకుంటున్నాను.

1937లో 'రాజశేఖరన్' చిత్రంతో రాధా వెండితెరమీదికి వచ్చారు. ఆ తరువాత కొన్ని చిత్రాలు చేశారు. కాని సినిమా అప్పట్లో ఆయనను పట్టి ఉంచలేకపోయింది. తిరిగి నాటకానికే వెళ్లిపోయారు. ఈరోడ్డులో ఉన్న కాలంలో పెరియార్ రామస్వామి ఉద్యమానికి దగ్గరయ్యారు. ఆయన నాటక సమాజంలో నటన దిద్దుకున్న కుర్రవాళ్లలో తరువాత శివాజీ గణేశన్ అన్న పేరుతో లోకప్రసిద్ధుడైన బాలుడు కూడా ఉన్నాడు. కరుణానిధి రాసిన 'తూక్కుమేడై' నాటకాన్ని ఆడించి, ఆ రచయితకు 'కలైజ్ఞర్' అన్న బిరుదు ఇచ్చింది కూడా రాధాయే. ఆ బిరుదే చివరికి ఆయన పేరై నిలిచింది.

రాధాను రాధాగా నిలబెట్టిన నాటకం 'రత్తక్కణ్ణీర్'. తిరువారూరు తంగరాసు రచన. 1954లో కృష్ణన్–పంజు దర్శకత్వంలో అదే పేరుతో చిత్రంగా వచ్చింది. అందులో మోహనసుందరం అనే ధనికుడు విదేశాల నుంచి తిరిగి వస్తాడు. ఊరిని చూసి నవ్వుతాడు, ఆచారాన్ని చూసి నవ్వుతాడు, కట్టుకున్న భార్యనూ కన్నతల్లినీ చులకన చేస్తాడు. కాంత అనే వేశ్య ఇంట ఆస్తిని కరగబెడతాడు. కుష్ఠువ్యాధి సోకుతుంది. అందరూ తరిమివేస్తారు. చేతులకు గుడ్డలు చుట్టుకుని వీధిలో అడుక్కుంటూ, చివరికి తన భార్యను స్నేహితుడికిచ్చి తానే పెళ్లి చేయిస్తాడు. తన కథ లోకానికి హెచ్చరికగా నిలవాలని కోరి కన్నుమూస్తాడు.

కథగా చెప్పుకుంటే ఇందులో నవ్వెక్కడ ఉంది అనిపిస్తుంది. కాని చూసినవారిని అడగండి. ధనవంతుడుగా ఉన్నప్పుడు మోహన్ ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడే వెటకారానికి జనం నవ్వుతారు. బిచ్చగాడైన తరువాత కూడా ఆ వెటకారం పోదు. ఇప్పుడు అది తనమీద, తనను తరిమే లోకంమీద. జనం ఇప్పుడూ నవ్వుతారు, కాని గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ గొంతు మార్పు రాధా సొంత విద్య. ఒక వాక్యాన్ని బొంగురు గొంతుతో మొదలుపెట్టి, మధ్యలో సన్నని కీచుగొంతుకు ఎక్కి, చివరి మాటను మళ్లీ పాతాళంలోకి దించేవారు. ఒకే మనిషిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. నాటకంలోనైతే రాసిన మాటలకు ఆనాటి వార్తలను కలిపి, ఆ ఊరి సంగతులను కలిపి అప్పటికప్పుడు అల్లేవారు. అందుచేత ఒక్కసారి చూసినవారు మళ్లీ వెళ్లినా అదే నాటకం చూసినట్టుండేది కాదు.

నవ్వు ఊరికే పోదు. ఎవరికో తగులుతుంది. రాధా నాటకాలు చాలామందికి తగిలాయి. రామాయణాన్ని విమర్శిస్తూ ఆయన ఆడిన నాటకం భక్తులను నొప్పించింది. మనసు నొచ్చుకునేవారు రావద్దని ఆయన ప్రకటనలలోనే చెప్పేవారట. నిషేధాలు వచ్చాయి, అరెస్టులు వచ్చాయి. 1954లో మద్రాసు రాష్ట్రం నాటక ప్రదర్శనలను అదుపుచేసే కొత్త చట్టం తెచ్చినప్పుడు, దానికి ముఖ్యకారణం రాధా నాటకాలేనని రంగస్థల చరిత్రకారులు రాశారు. ఆయన అభిప్రాయాలతో ఏకీభవించనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అది వారి హక్కు. ఒక హాస్యనటుడి కోసం ప్రభుత్వం శాసనసభలో చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ నవ్వు ఎంత దూరం పోయిందో మనం గ్రహించవచ్చు. ఆ చట్టంలోని నియమాలను మద్రాసు హైకోర్టు 2013లో కొట్టివేసింది.

'రత్తక్కణ్ణీర్' తరువాత సినిమా ఆయనను వదలలేదు. 1959లో 'భాగప్పిరివినై', 1961లో 'పావమన్నిప్పు', 1962లో 'బలే పాండియా', 1964లో 'పుదియ పరవై' ఇలా వరుసగా వచ్చాయి. 'బలే పాండియా'లో శివాజీ గణేశన్ మూడు వేషాలు వేస్తే, రాధా రెండు వేషాలు వేసి ఆయనకు దీటుగా నిలిచారు. ప్రతినాయకుడు నవ్విస్తే జనం అతణ్ణి ద్వేషించడం మరిచిపోతారని సామాన్యంగా దర్శకులకు భయం. రాధా వేషాలలో అలా జరగలేదు. నవ్విన మరుక్షణమే, ఇంత చెడ్డవాణ్ణి చూసి నవ్వానే అని ప్రేక్షకుడు ఉలిక్కిపడేవాడు.

ఇప్పుడు మనం అసలు విషయానికి వచ్చాం. ఈ నవ్వు తెలుగులోకి ఎలా వచ్చింది? తెలుగింట పుట్టిన రాధా తెలుగుతెరకు తానుగా పెద్దగా రాలేదు. ఆయన వేషాలు వచ్చాయి.

'భాగప్పిరివినై' చిత్రంలో రాధా వేసింది సింగపూరు నుంచి దిగిన టక్కరి వేషం. ఉమ్మడి కుటుంబంలో చిచ్చు పెడతాడు. ఆ చిత్రాన్ని 1961లో తెలుగులో 'కలసి ఉంటే కలదు సుఖం'గా తీశారు. ఎన్.టి. రామారావు, సావిత్రి, ఎస్.వి. రంగారావు నటించారు. రాధా వేషం రేలంగి వెంకట్రామయ్యకు వచ్చింది. 1970లో పద్మశ్రీ అందుకున్న మన రేలంగి. ఇక్కడ ఒక చిన్న మార్పు గమనించండి. తెలుగులో ఆ పాత్ర పేరు రంగూన్ రాజా. సింగపూరు పోయి రంగూను వచ్చింది! ఎందుకని? కూలికోసం, వ్యాపారంకోసం ఓడలెక్కిన తమిళులకు సింగపూరు, మలయా ఇంటిమాటలు. విశాఖపట్నం, కాకినాడ రేవులనుంచి ఓడలెక్కిన మన తెలుగువారికి ఇంటిమాట రంగూను. 'రంగూన్ రౌడీ' అన్న నాటకం పేరు కూడా తెలుగు ప్రేక్షకులు అంతకుముందే ఎరుగుదురు. రంగూను అనగానే తెలుగు ప్రేక్షకుడి కళ్లముందు సిల్కు లుంగీ, డాబు, అబద్ధాలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. సింగపూరు అని ఉంచేస్తే అర్థం తెలిసేది, నవ్వు మాత్రం సగమే వచ్చేది.

రెండో ఉదాహరణ ఇంకా పెద్దది. 'రత్తక్కణ్ణీర్' చిత్రాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేసినప్పుడు రాధా పాత్రకు గొంతు ఇచ్చినవారు నాగభూషణం. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సాత్యకి వేషం వేసినది ఆయనే. ఇంకొకరి పెదవులకు తన గొంతు సరిపెట్టడం ఎంత కష్టమో డబ్బింగ్ చెప్పినవారికే తెలుసు. ఇక రాధా పెదవులంటే చెప్పేదేముంది! ఆ పని చేస్తూ చేస్తూ నాగభూషణానికి ఆ పాత్ర మనసులో దిగిపోయింది. దాన్ని నాటకంగా తెలుగు ఊళ్లకు తీసుకుపోవాలనుకున్నారు. ప్రసిద్ధ కథకుడు పాలగుమ్మి పద్మరాజు చేత తెలుగులో రాయించుకున్నారు. 'రక్తకన్నీరు' నాటకం పుట్టింది.

ఆ నాటకాన్ని నాగభూషణం ఏళ్ల తరబడి ఊరూరా ఆడారు. చివరికి జనం ఆయనను 'రక్తకన్నీరు నాగభూషణం' అనే పిలిచారు. సినిమాలలో నటించాలని కలలుగన్న తెనాలి అమ్మాయి సరస్వతీదేవి, తరువాత ఊర్వశి శారదగా పేరు పొందిన ఆ నటి, ఈ నాటకంలో వేషం వేసినవారే. తమిళంలో రాధా చేసినట్టే నాగభూషణం కూడా ఆనాటి రాజకీయాలను, ఆ ఊరి సంగతులను సంభాషణలలో కలిపి విసిరేవారు. రాధా మాటలను ఆయన అప్పజెప్పలేదు. రాధా పద్ధతిని తీసుకున్నారు, మాటలు మాత్రం తెలుగునేల మీద పండించుకున్నారు. 1969లో వచ్చిన 'కథానాయకుడు' వంటి చిత్రాలలో ఆయన పోషించిన నవ్వుతూ గోతులు తవ్వే పెద్దమనిషి పాత్రలకు మూలం ఆ నాటకం వేదికమీదే ఉంది. నాగభూషణం 1995లో మరణించారు. మోహన్ ప్రయాణం ఆయనతో ఆగలేదు. 2003లో ఉపేంద్ర ప్రధానపాత్రలో కన్నడంలోనూ 'రక్తకన్నీరు' చిత్రంగా వచ్చింది.

ఇప్పుడు కాంటిన్‌ఫ్లాస్‌ను మళ్లీ తలుచుకోండి. హాలీవుడ్డు ఆయనను ఉన్నపళంగా ఇంగ్లీషులోకి ఎత్తి పెట్టింది. నవ్వు దారిలో జారిపోయింది. రాధా నవ్వును తెలుగువారు ఎత్తి పెట్టలేదు. అంటు తీసుకొచ్చి మన మట్టిలో నాటారు. అది బతికింది. నవ్వును అనువదించలేం, మళ్లీ పుట్టించవలసిందే. ఆ పుట్టించేవాడికి అటు భాషా తెలియాలి, ఇటు జనమూ తెలియాలి.

ఆ నాటకంలో ఈనాడు మనం ఒప్పుకోలేని సంగతి ఒకటి ఉంది. అది చెప్పకుండా పోతే న్యాయం కాదు. మోహన్‌కు వచ్చిన కుష్ఠు అతడి పాపానికి శిక్ష అన్నట్టుగా కథ నడుస్తుంది. ఈ వ్యాధికి కారణం ఒక సూక్ష్మజీవి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టారు. 1940లలో మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. ఇప్పుడు ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. పాపానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మూఢనమ్మకాలను జీవితమంతా ఎగతాళి చేసిన నటుడి అతి గొప్ప వేషంలోనే ఒక పాత మూఢనమ్మకం కూర్చుని ఉండడం వింతే. అయినా తరిమివేయబడిన రోగిని వేదిక మధ్యలో నిలబెట్టి, గంటసేపు అతడి మాటే వినేట్టు చేశారు రాధా. వీధిలో అలాంటి మనిషి కనబడితే ముఖం తిప్పుకునే జనం, టిక్కెట్టు కొని అతడి మాట విన్నారు. రెండూ నిజాలే. రెండూ చెప్పుకోవాలి.

ఇంకొక నిజం చెప్పడం మరీ కష్టం. 1967 జనవరి 12న మద్రాసు రామాపురంలోని ఇంట్లో నటుడు ఎం.జి. రామచంద్రన్‌పై తుపాకి పేలింది. కాల్చినది రాధా అని కోర్టు తేల్చింది. ఇద్దరూ గాయపడ్డారు, ఇద్దరూ బతికారు. ఆ గాయంతో ఎం.జి.ఆర్. గొంతు శాశ్వతంగా మారిపోయింది. మెడకు కట్టుతో ఉన్న ఆయన బొమ్మ ఆ ఏడాది ఎన్నికలలో ఊరూరా గోడలెక్కింది. ఆయన ఆసుపత్రి మంచంమీద ఉండగానే శాసనసభకు గెలిచారు. చూడండి, ఎం.జి.ఆర్. ఇంటిభాష మలయాళం, రాధా ఇంటిభాష తెలుగు. ఇద్దరూ తమిళ రచ్చ గెలిచినవారే. అలాంటి ఇద్దరి మధ్య మాట చేయవలసిన పని తుపాకి చేసింది. గొంతుతోనే బతికిన ఒక నటుడు, ఇంకొక నటుడి గొంతు పోవడానికి కారణమయ్యాడు. దీన్ని ఏ కళా కప్పిపుచ్చలేదు. రాధాకు జైలుశిక్ష పడింది. జైలు రోజులలో ఆయన ఆలోచనలను రచయిత విందన్ తమిళంలో పుస్తకంగా తెచ్చారు. విడుదలైన తరువాత 1970లలో రాధా మళ్లీ కొన్ని చిత్రాలలో నటించారు, కాని పాత ఊపు రాలేదు. 1979 సెప్టెంబరు 17న తిరుచిరాపల్లిలో కన్నుమూశారు. ఆ తేదీ పెరియార్ పుట్టినరోజు కావడం యాదృచ్ఛికం.

రాధా సంతానంలో ఎం.ఆర్.ఆర్. వాసు, రాధారవి తమిళ తెరమీద పేరు తెచ్చుకున్నారు. కూతుళ్లు రాధిక, నిరోషా తెలుగు చిత్రాలలోనూ నటించారు. 1981లో 'న్యాయం కావాలి', 1986లో కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' చూసిన తెలుగువారు రాధికను తమ ఇంటిపిల్లగానే భావించారు. తండ్రి దాటిపోయిన గడపను కూతురు ఇటునుంచి తిరిగి దాటింది.

శ్రోతలారా, ఇంతకూ రాధా మనవాడా, వారివాడా? ఈ ప్రశ్న వేసి కులం పేరో ఇంటిపేరో చూపించి ఆయనను లాక్కోవడం నాకు ఇష్టం లేదు. ఆయన నవ్వు తమిళంలో పుట్టింది. అది తమిళుల సొత్తు. మనం గర్వపడవలసింది వేరే ఉంది. తెలుగింట పుట్టినవాడు తమిళంలో అంత నవ్వు పుట్టించగలిగాడు. ఆ నవ్వును తెలుగులో మళ్లీ పుట్టించడానికి ఒక నాగభూషణం, ఒక పద్మరాజు, ఒక రేలంగి దొరికారు. సింగపూరును రంగూను చేసే చిన్న తెలివి, అది రెండువైపులా తెలిసినవాళ్లకే వస్తుంది.

మన సరిహద్దు జిల్లాల పిల్లలలో ఒక బిడియం కనిపిస్తుంది. మా తెలుగు కలగాపులగం, మా తమిళం కూడా అంతంతమాత్రమే అని తలదించుకుంటారు. తెలుగు చదవడం రాని పిల్లలు మా వైపు చాలామందే ఉన్నారు. వాళ్లను కసరకండి. బడిలో విన్న తమిళ హాస్యం ఒకటి ఇంటికొచ్చి అవ్వకు తెలుగులో చెప్పమనండి. మొదట అవ్వకు నవ్వు రాదు. పిల్లవాడు మాట మారుస్తాడు, ఊరు మారుస్తాడు, మనిషిపేరు మారుస్తాడు. అవ్వ నవ్విందాకా మారుస్తాడు. ఆ నవ్వు వచ్చిన క్షణాన ఆ పిల్లవాడికి రెండు భాషలూ వచ్చినట్టే లెక్క.